వార్షిక నివేదిక 2025: మన వైన్ టేస్టింగ్ సర్కిల్, బే ఏరియా (కాలిఫోర్నియా)

సభ్యులందరికీ నమస్కారం. బైలాస్ ప్రకారం జనరల్ బాడీ మీటింగ్‌కి ముందు కార్యదర్శి నివేదిక పంపాలి కాబట్టి పంపుతున్నాను. ఇంకో కారణం కూడా ఉంది, ఈ ఏడాది కొంతమంది పడిన కష్టం ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి. వైన్‌ని మన ముక్కుతో, నోటితో తెలుసుకుని నిజాయితీగా రాసుకోవడానికే ఈ సర్కిల్ పెట్టుకున్నామని మీ అందరికీ తెలిసిందే, అది మళ్ళీ మొదట్నుంచి చెప్పను.

ముందు థాంక్స్‌లు. హాలు దొరకని నెలల్లో ఫ్రీమాంట్‌లో వాళ్ళ ఇల్లే మనకి ఇచ్చేసిన దంపతులకి, ప్రతిసారీ గ్లాసుల డబ్బాలు కార్లో మోసుకొచ్చి మళ్ళీ మోసుకెళ్ళే అన్నయ్యకి, మనందరం గ్లాసుల అక్క అని పిలిచే ఆవిడకి, తాగకుండా కూర్చుని రాత్రి అందర్నీ ఇళ్ళ దగ్గర దింపిన డ్రైవింగ్ టీమ్‌కి, పిల్లల్ని పక్క గదిలో చూసుకున్న ఇద్దరు అమ్మమ్మలకి సర్కిల్ తరఫున నిండు మనసుతో కృతజ్ఞతలు. గ్లాసుల అక్క గురించి ఒక మాట ఎక్కువే చెప్పాలి. టేస్టింగ్ గ్లాసులన్నీ ఒకే సైజు ఉండాలని పట్టుబట్టి 215 మిల్లీలీటర్ల ఐఎస్‌ఓ (అంతర్జాతీయ ప్రమాణం) గ్లాసులు సెకండ్ హ్యాండ్‌లో వెతికి పట్టుకున్నది ఆవిడే. పైకి వెళ్ళేకొద్దీ మూతి సన్నబడే గ్లాసు అది, 50 మిల్లీలీటర్లు పోస్తే మిగతా ఖాళీలో వాసన నిలబడుతుంది, ఒక 750 సీసా పదిహేను మందికి సరిపోతుంది. అంతకుముందు ఒకరు కాఫీ మగ్గులో, ఒకరు ప్లాస్టిక్ కప్పులో వాసన చూసి నాకేం రావట్లేదు అనేవాళ్ళు, ఇప్పుడు ఆ మాట తగ్గింది.

మొదటి ఆరు నెలలు వైట్ వైన్, తర్వాత రెడ్ వైన్ అని వేసుకున్న ప్లాన్ దాదాపు అలాగే నడిచింది. వైట్‌లో నాకు బాగా నచ్చిన సాయంత్రం షార్డొనే అనే తెల్ల ద్రాక్ష వైన్ రెండు రకాలు పక్కపక్కన పెట్టుకున్నది. ఒకటి స్టీల్ ట్యాంకులో చేసింది, రెండోది ఓక్ పీపాల్లో పెట్టి, గట్టి పులుపుండే మాలిక్ యాసిడ్‌ని బ్యాక్టీరియా మెత్తటి పులుపుండే లాక్టిక్ యాసిడ్‌గా మార్చేదాకా ఉంచింది. రెండూ ఒకటే ద్రాక్ష అంటే కొత్త సభ్యులు నమ్మలేదు. మొదటిదాంట్లో పచ్చి ఆపిల్, నిమ్మ తొక్క, నోట్లో నీళ్ళూరే పులుపు, రెండోదాంట్లో పులుపు మెత్తబడి వెన్న కాచేటప్పుడు వచ్చే కమ్మటి వాసన, వెనకాల కాస్త వనిల్లా. ఆ వెన్న వాసన డయాసిటైల్ అనే పదార్థం వల్ల, బ్యాక్టీరియా చేసే ఆ మార్పులోనే అది పుడుతుంది, వనిల్లా వచ్చేది ఓక్ చెక్క నుంచి. ఈ రెండు ముక్కలు పట్టుకుంటే షాపులో సీసా వెనక రాసింది చదివి లోపల ఏముందో సగం చెప్పేయొచ్చు. హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక అంకుల్ ఆ రోజు స్టీల్ ట్యాంకుది వాసన చూసి, చిన్నప్పుడు ఇంటి వెనక పందిరి కింద తిన్న అనాబ్-ఎ-షాహీ ద్రాక్షలు గుర్తొచ్చాయన్నారు, అది టేస్టింగ్ షీట్‌లో (ఒక్కో వైన్‌కి ఎవరికి వాళ్ళు నోట్సు రాసే కాగితం) అలాగే రాశాం. అలాంటి నోట్సే మనకి కావాలి.

రెడ్ నెలల్లో సిరా అనే నల్ల ద్రాక్ష వైన్ పెట్టినప్పుడు జరిగిన గొడవ కూడా రికార్డు చేయాలి. సగం మంది మిరియాల వాసన గట్టిగా వస్తోందన్నారు, ఇద్దరు ముగ్గురు అసలు లేదంటే లేదన్నారు, మీకు ముక్కు లేదు అనేదాకా వెళ్ళింది. దీనికి సమాధానం ఉంది. ఆ వాసన రోటండోన్ అనే పదార్థానిది, మన వంటింటి మిరియాల్లో ఉండేది కూడా అదే, ఆస్ట్రేలియా పరిశోధకులు 2008లో సిరాలో దాన్ని బయటపెట్టారు, పరీక్షల్లో దాదాపు ఐదోవంతు మందికి అది ఎంత ఎక్కువున్నా తెలియలేదు. కాబట్టి లేదన్నవాళ్ళు వాళ్ళకి తెలిసింది నిజాయితీగా రాశారు. పక్కవాళ్ళ షీట్ చూసి మిరియాలు అని రాసినవాళ్ళ మీదే నాకు బాధ. దయచేసి అలా చేయొద్దు, మీ ముక్కుకి అందింది మాత్రమే రాయండి.

మన దగ్గర్లోని వైన్ లోయ లివర్‌మోర్‌కి వేసిన ట్రిప్ అందరికీ నచ్చింది. అక్కడి వెంటే, కాంకనన్ అనే వైనరీలు రెండూ 1883లో కుటుంబాలు మొదలుపెట్టినవే, కాలిఫోర్నియాలో సీసా మీద షార్డొనే అని ద్రాక్ష పేరు మొదట వేసింది 1936లో వెంటే వాళ్ళు, పెటీట్ సిరా అనే ఇంకో నల్ల ద్రాక్ష పేరు మొదట వేసింది 1961 పంటకి కాంకనన్ వాళ్ళు. మనం ఉండే చోటికి ఇంత దగ్గర్లో ఇంత చరిత్ర ఉంటే అందరూ పేరున్న నాపా లోయకే పరిగెత్తుతారెందుకో.

ఇక ఈ ఏడాది మన సర్కిల్ తలెత్తుకుని చెప్పుకోదగ్గ పని, అక్టోబర్‌లో చేసిన వాసన గ్లాసుల రోజు. దీని వెనక కాలిఫోర్నియాలోని యూసీ డేవిస్ యూనివర్సిటీ పద్ధతి ఉంది. అక్కడ ప్రొఫెసర్ ఆన్ నోబుల్ గారు 1980లలో వైన్ అరోమా వీల్ (వైన్ వాసనల చక్రం) తయారు చేశారు, మధ్యలో పళ్ళు, పూలు, మసాలా, మట్టి, చెక్క లాంటి పన్నెండు గుంపులు, బయటికి వెళ్ళేకొద్దీ ఒక్కో గుంపులో విడివిడి వాసనలు. ఇష్టం, అయిష్టం చెప్పే మాటలు ఆ చక్రంలో ఉండవు, ఇంకొకరికి కూడా చూపించగలిగే వాసనల పేర్లే ఉంటాయి. ఆ వాసనలు నేర్చుకోవడానికి మామూలు వైన్‌లో అసలు వస్తువునే వేసి మూతపెట్టి నానబెడతారు. మనం అదే పద్ధతిలో మన వంటింటి సామాన్లు కూడా కలిపి చేశాం.

ముందురోజు రాత్రి నుంచే ఐదుగురు కూర్చున్నారు. పెద్దగా వాసన లేని చవక వైట్ కొన్ని గ్లాసుల్లో, అలాంటిదే రెడ్ కొన్ని గ్లాసుల్లో పోసి, ఒకదాంట్లో ఒక్క లవంగం, ఒకదాంట్లో దంచిన మిరియాలు, ఒకదాంట్లో జామ ముక్క, ఇంకోదాంట్లో ఇండియన్ స్టోర్‌లో దొరికే ఫ్రోజెన్ నేరేడు, లీచీ డబ్బాలో రసం రెండు చెంచాలు, పన్నీరు (రోజ్ వాటర్) రెండు చుక్కలు, తేనె, ఎండు ద్రాక్ష, వెన్న, సిగార్ విప్పి తీసిన పొగాకు ముక్క. పొగాకు పెట్టింది గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒకాయన, బ్యారన్‌లో వేడిపెట్టి ఆరబెట్టిన పొగాకు వాసన ఆయనకి పుట్టినప్పట్నుంచీ తెలుసు, పాత కాబర్నే అనే రెడ్ వైన్‌లో అదే వస్తుందని ఎప్పట్నుంచో చెప్తున్నారు, ఆ రోజు అందరికీ పక్కపక్కన పెట్టి చూపించారు. క్యాప్సికం ముక్క మాత్రం పొద్దున వేసి అరగంట లోపే తీసేశాం, ఎక్కువసేపు ఉంచితే ఇంకేం తెలియదు. సోవిన్యాన్ బ్లాంక్ అనే వైట్ వైన్‌లో, సరిగా పండని కాబర్నేలో వచ్చే పచ్చి వాసన అదే. గ్లాసులకి ఫాయిల్ కప్పి, నంబర్లు అంటించి, చూడకుండా వాసన మాత్రమే చూసి రాయమన్నాం. లవంగం అందరూ పట్టేశారు. నేరేడు పట్టినవాళ్ళలో ఎక్కువమంది పెద్దవాళ్ళే, ఇక్కడ పుట్టిన మన యువ సభ్యులు బ్లూబెర్రీ అని రాశారు, రెండూ ఫైల్లో పెట్టాం. లీచీ, పన్నీరు గ్లాసులు వాసన చూసిన వెంటనే అవే వాసనలుండే గెవుర్జ్‌ట్రామినర్ అనే వైట్ వైన్ ఇస్తే హాలంతా ఒకేసారి ‘ఆ!’ అన్నారు, ఆ ఒక్క శబ్దం కోసమే నేను ఈ పదవిలో ఉన్నాననిపించింది.

మధ్యాహ్నం ఇంకో పరీక్ష. 2001లో ఫ్రాన్స్‌లోని బోర్డో పరిశోధకులు ఒక ప్రయోగం అచ్చేశారు, 54 మంది వైన్ విద్యార్థులకి ఒక వైట్ వైన్‌నే వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇస్తే, దాన్ని రెడ్ వైన్‌కి వాడే మాటలతోనే వర్ణించారు. మనం కూడా సెమియోన్, సోవిన్యాన్ అనే రెండు తెల్ల ద్రాక్షలు కలిపిన వైట్ ఒకటి తీసుకుని సగానికి ఫుడ్ కలర్ వేశాం, విషయం ముగ్గురికే తెలుసు. షీట్లు చూస్తే తెల్లదానికి నిమ్మ, జామ, తేనె, ఎర్రదానికి ప్లమ్, నేరేడు, లవంగం. అందరికంటే చిన్న సభ్యురాలు ఒక్కతే ఎర్ర గ్లాసు షీట్ కింద ఇలా రాసింది: వగరు అసలు లేదు, చిగుళ్ళు పట్టేయలేదు, ఇది రెడ్ అంటే నేను ఒప్పుకోను. ఆ అమ్మాయికి చప్పట్లు ఆగలేదు. రెడ్‌ని తొక్కలతో, గింజలతో కలిపి పులియబెడతారు, వగరు అక్కడి నుంచే వస్తుంది, వైట్‌కి ముందే రసం పిండి తొక్కలు తీసేస్తారు, రంగు వేసినంత మాత్రాన వగరు రాదు. కంటిని నమ్మకుండా నోటిని నమ్మింది, మన సర్కిల్ పెట్టుకున్నది దీనికోసమే కదా.

తిండితో పెట్టిన సాయంత్రం గురించి రెండు మాటలు. గోంగూరతో ఓక్ షార్డొనే చప్పబడిపోయింది, పులుపున్న సోవిన్యాన్ బ్లాంక్ నిలబడింది. ఆవకాయతో గట్టి కాబర్నే వద్దే వద్దు, వగరు, ఆల్కహాల్ కలిసి కారాన్ని ఇంకా పెంచేస్తాయి, కాస్త తీపి మిగిల్చిన రీస్లింగ్ అనే వైట్ వైన్ అయితే నాలుకకి చల్లగా ఉంది. ఒక నెల ఒక సీసాలో తడిసిన అట్టపెట్టె వాసన వచ్చింది, బిరడాలోంచి వచ్చే టీసీఏ అనే రసాయనం అది, పారేయకుండా అందరికీ ఆ వాసన చూపించి తర్వాత షాపుకి తిరిగిచ్చాం, వాళ్ళు మారు మాట్లాడకుండా వేరే సీసా ఇచ్చారు.

ఇప్పుడు కొంచెం కఠినంగా చెప్పాల్సినవి. వాలంటీర్ లిస్టులో పేరు రాసేవాళ్ళు చాలామంది, వచ్చేవాళ్ళు ఎప్పుడూ ఆ నలుగురే. వాసన గ్లాసుల రోజు అయిపోయాక వందకి పైగా గ్లాసులు కడగడానికి మిగిలింది గ్లాసుల అక్క, ఆవిడ భర్త, నేను, మిగతావాళ్ళు ఫొటోలు దిగి వెళ్ళిపోయారు, గ్రూపులో మాత్రం సూపర్ ఈవెంట్ అని పెట్టారు. సూపర్ అయ్యింది ఎవరివల్లో ఆలోచించండి. సెంటు కొట్టుకుని రావొద్దని ప్రతి మెసేజ్‌లో రాస్తున్నా వస్తున్నారు, పక్కన కూర్చున్నవాళ్ళకి ఆ సాయంత్రం మొత్తం పాడవుతుంది. హాలు ఆఫీసు వాళ్ళ సంగతి వేరే, ఆల్కహాల్ పర్మిషన్‌కి ఇన్సూరెన్స్ కాగితం అడిగారు, ఇచ్చాం, ఇంకో ఫారం అన్నారు, ఇచ్చాం, ఆ మనిషి సెలవులో ఉన్నారన్నారు, చివరికి రెండు మీటింగ్‌లు ఇళ్ళల్లో పెట్టుకోవాల్సి వచ్చింది. 21 ఏళ్ళు నిండనివాళ్ళకి పోయకూడదన్న రూల్, ఐడీ చెకింగ్, రుచి చూసి ఉమ్మడానికి కప్పులు, డ్రైవర్లు అన్నీ మనం పద్ధతిగా పెట్టుకున్నా ఇలా తిప్పడం న్యాయం కాదు.

షీట్ల మీద ఒక విన్నపం. బాగుంది, స్మూత్‌గా ఉంది అని రాసినవి ఈసారి పక్కన పెట్టేశాను, వాటిని చూసి ఆ వైన్ ఏంటో ఎవరూ చెప్పలేరు. తెల్ల కాగితం మీద గ్లాసు వంచి రంగు చూడండి, వైట్ పాతబడేకొద్దీ ముదురుతుంది, రెడ్ అంచు ఇటుక రంగుకి దిగుతుంది. గ్లాసు గుండ్రంగా తిప్పకముందు ఒకసారి, తిప్పాక ఒకసారి వాసన చూడండి. పులుపుకి నోరూరిందా, వగరుకి చిగుళ్ళు ఎండాయా, గొంతులో ఎంత వేడి తగిలింది, మింగాకో ఉమ్మాకో రుచి ఎంతసేపు ఉంది, ఇంతే, నాలుగు లైన్లు. వైట్ ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే వాసన చూసి లేదనొద్దు, 8 నుంచి 12 డిగ్రీల సెల్సియస్ దాకా రానివ్వండి, రెడ్‌ని వేసవిలో కాసేపు చల్లబెట్టండి, 18 దాటితే ఆల్కహాలే ముందొస్తుంది.

లెక్కలు కోశాధికారి గారు అందరికీ మెయిల్ చేశారు, ఆడిట్ చేసిన ఇద్దరు సభ్యులు సంతకం పెట్టారు. ఎక్కువ ఖర్చు సీసాలకి, ఆ తర్వాత హాలుకి, నిల్వ కొద్దిగా మిగిలింది. ఫీజు పెంచట్లేదు. ప్రశ్నలుంటే మీటింగ్‌లో ఆయన్నే అడగండి.

2026లో మే 24కి పారిస్ టేస్టింగ్ జరిగి 50 ఏళ్ళు. 1976లో పారిస్‌లో వైన్ షాపు నడిపిన బ్రిటిష్ వ్యాపారి స్టీవెన్ స్పరియర్ ఆధ్వర్యంలో ఫ్రెంచ్ జడ్జీలు ఫ్రాన్స్, కాలిఫోర్నియా వైన్‌లు సీసాలు చూడకుండా రుచి చూసి, కాలిఫోర్నియా వైన్‌లైన వైట్‌లో షాటో మాంటెలీనా 1973 షార్డొనేకి, రెడ్‌లో స్టాగ్స్ లీప్ వైన్ సెల్లార్స్ 1973 కాబర్నేకి మొదటి స్థానం ఇచ్చారు, కాలిఫోర్నియా పేరు ప్రపంచానికి తెలిసిన రోజు అది. ఆ పాత సీసాలు మన బడ్జెట్‌కి అందవు, ఇప్పటి కాలిఫోర్నియా, ఫ్రాన్స్ వైన్‌లు సంచుల్లో చుట్టి బ్లైండ్‌గా పెడదామని కమిటీ నిర్ణయించింది. దానికి పోయడానికి ఆరుగురు, గ్లాసులు కడగడానికి ఎనిమిది మంది కావాలి. ఫిబ్రవరి నెలాఖరులోపు పేర్లు రాకపోతే ఆ కార్యక్రమం పెట్టను, ఇది ఖచ్చితంగా చెప్తున్నాను. సభ్యత్వం రెన్యూవల్ కూడా అదే తేదీకి. పాత షీట్లు ఇంట్లో ఉంచుకున్నవాళ్ళు మీటింగ్‌కి తెచ్చివ్వండి, స్కాన్ చేసి అక్కడికక్కడే తిరిగిస్తాం.

కార్యదర్శి
జనవరి 2026