శీనూ, చేపలు ఇప్పుడే కొనకు

తెనాలి,
ఆదివారం మధ్యాహ్నం.

ఒరేయ్ శీనూ,

నీ మెసేజ్ చూశాను. పాప పుట్టినరోజుకి అక్వేరియం కొన్నావనీ, హాల్లో టీవీ పక్కన పెట్టేశావనీ, వచ్చే ఆదివారం చేపలు తెస్తాననీ రాశావు. ఫోన్ చేద్దామనుకున్నా గానీ ఫోన్లో సగం చెప్పి సగం మర్చిపోతాను. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. చేపలు ఇప్పుడే కొనకు. సంక్రాంతికి నేను హైదరాబాద్ వస్తున్నాగా, అప్పటిదాకా ఆగు. ఇంకా ఐదారు వారాలుంది. సరిగ్గా అంత టైమే కావాలి.

చిన్నప్పుడు కాలవలో తువ్వాలు ముంచి పరిగె పిల్లల్ని పట్టేవాళ్ళం, గుర్తుందా? హార్లిక్స్ సీసాలో పోస్తే తెల్లారేసరికి పైకి తేలేవి. మీ నాయనమ్మ "నోరులేని జీవాల్ని ఎందుకు చంపుతారురా" అని కేకలేసేది. నాలుగేళ్ళ కిందట నా మొదటి ట్యాంకులో చేపలు పోయినప్పుడు నాకు ఆవిడే గుర్తొచ్చింది. ట్యాంకూ పన్నెండు చేపలూ ఒకేరోజు కొన్నాను. షాపతను నీళ్ళలో ఏదో మందు రెండు చుక్కలు వేస్తే చాలన్నాడు. నాలుగో రోజు నుంచి చేపలు పైకొచ్చి నోళ్ళు తెరవడం మొదలుపెట్టాయి. తొమ్మిదో రోజుకి రెండు మిగిలాయి. నీళ్ళు మాత్రం అద్దంలా ఉన్నాయిరా. అదే నాకు అర్థం కాలేదు.

తర్వాత తెలిసింది. చేప వదిలే వ్యర్థాల్లోంచీ, తినగా మిగిలి కుళ్ళిన మేతలోంచీ అమ్మోనియా పుడుతుంది. రంగుండదు, కంటికి కనపడదు, చేపకి మాత్రం విషం. దాన్ని ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే. ఇంకో రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రేట్ చేస్తుంది. అది కొంతవరకు ఫర్వాలేదు, వారం వారం నీళ్ళు మారుస్తుంటే పోతుంది. ఈ రెండు రకాలూ ఫిల్టర్ స్పాంజ్‌లో, ఇసుకలో, గులకరాళ్ళ మీద స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. కొత్త ట్యాంకులో అవి ఉండవు. పన్నెండు చేపల్ని ఒక్కసారే దింపితే ఇంకేమవుతుంది?

కాబట్టి ఇవాళే నీళ్ళు పోసి స్పాంజ్ ఫిల్టర్ ఆన్ చెయ్యి, రాత్రీ పగలూ నడవనీ. రోజూ చిటికెడు మేత ఖాళీ ట్యాంకులో వెయ్యాలి. అది కుళ్ళి అమ్మోనియా అవుతుంది, బ్యాక్టీరియాకి అదే తిండి. ఈ పని పాపకి అప్పజెప్పు. చేపలు రాకముందే తన చేతికి పని దొరుకుతుంది, రోజూ చూసుకుంటుంది.

నీళ్ళ సంగతి. "మేం తాగే ఆర్ఓ నీళ్ళే పోస్తా" అన్నావు. వద్దు. గప్పీ, ప్లాటీ, మోలీ, స్వోర్డ్‌టెయిల్, గుడ్లు కాకుండా నేరుగా పిల్లల్ని పెట్టే ఈ చేపలన్నిటికీ ఖనిజ లవణాలు, కాల్షియం ఉన్న గట్టి నీళ్ళే కావాలి. ఆర్ఓ వాటిని చాలావరకు తీసేస్తుంది. మీ అపార్ట్‌మెంట్ బోరు నీళ్ళకి గీజర్ పాడైపోతోందని చెల్లెమ్మ విసుక్కుంటుంది చూడు, ఆ నీళ్ళే వీటికి మంచివి. ఒక రాత్రి బకెట్‌లో ఉంచి పొయ్యి. కుళాయి నీళ్ళయితే క్లోరిన్ విరగడానికి మందు కలపాల్సిందే.

ఇక ఏ చేపలు, ఎన్ని. ఇక్కడే అందరూ బోల్తా పడతారు. నీ ట్యాంకు 18 అంగుళాల పొడవు, 10 వెడల్పు, 12 ఎత్తు అన్నావు. అంటే 35 లీటర్లు, ఇసుకా పైన వెలితీ పోను 30. షాపులో బొటనవేలంత చేపల్ని చూసి "ఇంకో నాలుగు వెయ్యి బాబూ" అనాలనిపిస్తుంది. కానీ ఈ జాతి చేపల్ని ఇవాళ్టి లెక్కతో కొనకూడదు శీనూ, మూడు నెలల తర్వాతి లెక్కతో కొనాలి. నెలకోసారి పిల్లలు పెడతాయి, కాన్పుకి ఇరవై ముప్పై. మగది లేకపోతే సరిపోతుందనుకుంటావేమో. నేనూ అలాగే మూడు ఆడ ప్లాటీల్ని తెచ్చాను. ఇంట్లో మగది ఒక్కటీ లేదు. అయినా నాలుగు నెలలు వరసగా పెట్టాయి. మగదానితో ఒక్కసారి కలిస్తే ఆ వీర్యాన్ని కడుపులో నెలల తరబడి దాచుకుంటాయి. షాపులో ఆడా మగా ఒకే తొట్టిలో ఉంటాయి కాబట్టి ఆడది దాదాపు ఎప్పుడూ కడుపుతోనే వస్తుంది.

ఆ మూడిట్లో నారింజ రంగుది పిల్లలు పెట్టడం నేను చూశాను. పొద్దున్న ఐదున్నరకి లేచి లైటేశాను. అది ఓ మూల, నాచు పక్కన, కదలకుండా నిలబడి ఉంది. ముందురోజే కడుపు ఉబ్బి పెట్టెలా అయింది. ఒళ్ళు ఒక్కసారి జలదరించింది, కిందనుంచి చిన్న ఉండ జారింది. ఆవగింజ కంటే కొంచెం పెద్దది, అంతే. ఇసుక మీద పడబోతూ పడబోతూ విచ్చుకుంది, రెండు కళ్ళు, సన్నటి తోక. ఒక క్షణం ఆగి, బాణంలా నాచులోకి దూరింది. పుట్టిన క్షణం నుంచీ దాక్కోవడం తెలుసు వాటికి, ఎందుకంటే తల్లే తినేస్తుంది. టీ చల్లారిపోయింది, నేను పదిహేడు లెక్కపెట్టాను.

అంత ఆనందం ఇంకోటి లేదు. కానీ 30 లీటర్లలో ఆ పదిహేడూ పెరిగి, వాటికీ పిల్లలైతే ఎవరికీ ఊపిరాడదు. అందుకే నా సలహా, ఆరు మగ గప్పీలు, అంతే. రంగులన్నీ మగవాటికే, తోకలు వాటికే. గుర్తుపట్టడం తేలిక. పొట్ట కింద వెనక రెక్క పుల్లలా సన్నగా ఉంటే మగది, విసనకర్రలా విచ్చుకుని ఉంటే ఆడది. పిల్లల్ని చూడాలని పాప పట్టుబడితే రెండడుగుల ట్యాంకు తీసుకుని ఒక మగదానికి మూడు ఆడవి వేద్దాం, నాచు దట్టంగా పెంచుదాం. మోలీలూ స్వోర్డ్‌టెయిల్సూ నీ ట్యాంకుకి పెద్దవి, వద్దు.

అవి ఎక్కడివని పాప అడిగితే చెప్పు, గప్పీల ఊరు దక్షిణ అమెరికా ఉత్తరపు అంచు, ఆ పక్కనే ఉన్న ట్రినిడాడ్ దీవి. 1860ల్లో ఆ దీవి నుంచి వీటిని లండన్ మ్యూజియానికి పంపిన ఆయన ఇంటిపేరు గప్పీ, అదే చేప పేరయింది. అక్కడి వాగుల్లో, జలపాతాల పైన పెద్ద చేపల బెడద తక్కువున్న చోట మగవి ఎక్కువ రంగులతో మెరుస్తాయట. కింద, తినేవి ఎక్కువున్న చోట, వెలిసిపోయినట్టు ఉంటాయి. నాకు ఈ సంగతి ఎన్నిసార్లు తలుచుకున్నా ముచ్చటే.

చేపలొచ్చాక పని పెద్దగా ఉండదు. రెండు నిమిషాల్లో తినేసేంతే మేత వెయ్యి. వారానికోసారి పావు వంతు నీళ్ళు పైపుతో తీసి కొత్తవి పొయ్యి. స్పాంజ్‌ని కుళాయి కింద ఎప్పుడూ కడగకు, తీసిన పాత నీళ్ళలోనే పిండు, లేకపోతే ఇన్ని వారాల బ్యాక్టీరియా పోతుంది. స్పాంజ్ ఫిల్టర్‌కి గాలి పంపే ఎయిర్ పంప్‌ని నీటి మట్టానికి పైన పెట్టు, కరెంటు పోతే నీళ్ళు వెనక్కి మోటర్లోకి రాకుండా. చలికాలం రాత్రులు మీ దగ్గర బాగా చల్లబడుతుంది, 50 వాట్ల హీటర్ ఒకటి కొను, 25 డిగ్రీలు ఉంటే చాలు. ఎక్కువైపోయాయని ఎప్పుడైనా అనిపిస్తే మాత్రం పక్క చెరువులో వదలొద్దురా. మన పరిగెల తిండీ చోటూ అవి లాక్కుంటాయి. షాపులో తిరిగి తీసుకుంటారు, అడుగు.

నా పెద్ద ట్యాంకులో నాలుగేళ్ళ నుంచి నడుస్తున్న స్పాంజ్ ఒకటుంది. ఆ ట్యాంకు నీళ్ళతోనే డబ్బాలో పోసి, మూత వదులుగా పెట్టి, పండక్కి వచ్చేటప్పుడు రైల్లో తెస్తాను. గుప్పెడు నాచు కూడా. రాగానే నీ ఫిల్టర్ పక్కన తగిలిద్దాం, రెండ్రోజులు నీళ్ళు పరీక్ష చేసి చూద్దాం. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా వస్తే, కనుమ మర్నాడు పాపని తీసుకుని ముగ్గురం వెళ్దాం. ఆరూ తనే ఏరుకోవాలి.

మేత డబ్బా చిన్నదే కొను.

నీ,
రాజు