గర్భం పోయాక బ్లీడింగ్ ఆగకపోతే
అక్కలూ, చెల్లెళ్లూ, గర్భం దానంతటదే పోయినా, మాత్రలతో తీయించుకున్నా కొన్ని రోజులు బ్లీడింగ్ మామూలే. కానీ గంటకు రెండు పెద్ద ప్యాడ్ల చొప్పున వరుసగా రెండు గంటలు తడిసిపోతే తెల్లారేదాకా ఆగొద్దు. కళ్లు తిరిగినా, ఒళ్లు చల్లబడి చెమటలు పట్టినా అంతే. వెంటనే 108కి ఫోన్ చేయండి, డబ్బు కట్టక్కర్లేదు. బండి వచ్చేలోపు మనిషిని పడుకోబెట్టి కాళ్లు కాస్త ఎత్తులో పెట్టండి.

చాలాసార్లు లోపల గర్భం తాలూకు ముక్కలు మిగిలిపోవడమే కారణం. ఆసుపత్రిలో సెలైన్ పెట్టి, స్కానింగ్ చేసి, అవసరమైతే గర్భసంచి శుభ్రం చేస్తారు, రక్తం ఎక్కిస్తారు. మాత్రలు వేసుకున్న సంగతి డాక్టరు దగ్గర దాచకండి (తిడతారేమోనని ఇంట్లోనే ఉండిపోయినవాళ్లను చూశాను). బ్లడ్ గ్రూపు నెగెటివ్ అయితే అదీ చెప్పండి, 72 గంటల్లోపు యాంటీ-డి ఇంజెక్షన్ (తర్వాతి గర్భంలో బిడ్డకు హాని జరగకుండా ఇచ్చేది) అవసరం కావచ్చు.