మెంటర్ మేడమ్ మీ ఇంటికి ఎందుకు వస్తున్నారంటే

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

సోమవారం బడి గేటు దగ్గర జరిగిన గొడవ గురించి ఊళ్లో తలా ఒక మాట అంటున్నారని నా దాకా వచ్చింది. బడి మానబోయే పిల్లల్ని చూసుకోవడానికి మన బడిలో ఉన్న మెంటర్ మేడమ్ పోలీసుల్ని పిలిచారని కొందరు, ఎవరి మీదో కేసు పెట్టారని ఇంకొందరు. రెండూ అబద్ధమే. ఎనిమిదో తరగతి అమ్మాయి వారం రోజులుగా బడికి రావడం లేదు, ఫోన్ చేస్తే జ్వరమన్నారు, మేడమ్ చూసి వద్దామని వెళ్తే పిల్ల సీడ్ పత్తి చేనులో క్రాసింగ్, అంటే విత్తనాల కోసం ఆడ పువ్వుకు మగ పువ్వు అద్దే పని, చేస్తూ కనబడింది. మేడమ్ తల్లితో కూర్చుని మాట్లాడారు. మర్నాడు తల్లే తెచ్చి దింపింది. అడ్వాన్సు ఇచ్చిన, సీడ్ కంపెనీకి మధ్యవర్తిగా ఉండే ఆర్గనైజర్‌కు అది నచ్చక గేటు దగ్గరికొచ్చి అరిచి వెళ్లాడు, అంతే.

అరిచినాయన తెలుసుకోవాల్సింది ఒకటుంది. 14 ఏళ్లలోపు పిల్లల్ని పనిలో పెట్టుకుంటే, 2016లో చట్టం మార్చాక, 6 నెలల నుంచి 2 ఏళ్ల జైలు గానీ, 20 వేల నుంచి 50 వేల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. పిల్లల చేతులు చిన్నవి, పువ్వు నలగదు అనే మాట గద్వాల వైపు ఎప్పటి నుంచో వింటున్నాను. తక్కువ కూలికి పని గడవాలని పుట్టించిన మాట అది. సాయంత్రం మొగ్గ రేకులు, కేసరాలు గోటితో గిల్లి తీయాలి, పొద్దున్నే మగ పువ్వు తెచ్చి అద్దాలి, మందు కొట్టిన చేనులోనే తిరగాలి. ఇక బడికి టైమ్ ఎక్కడిది?

మేడమ్ టీచర్ కారు కదా, రోజంతా ఏం చేస్తారు అని కూడా అడుగుతున్నారు. ఈ ఏడాదంతా ఆమె పని ఇదొక్కటే, ఫుల్ టైమ్. పొద్దున ప్రార్థన అయ్యాక అటెండెన్స్ రిజిస్టర్లు చూస్తారు, వరుసగా మూడు రోజులు రాని పిల్ల ఉంటే ఆ ఇంటికి వెళ్తారు. మధ్యాహ్నం పిల్లలతోనే అన్నం తింటారు, ఎందుకంటే ఇంట్లో ఏం జరుగుతోందో పిల్లలు చెప్పేది అప్పుడే, నా రూములో నిలబెట్టి అడిగితే ఎవరూ నోరు విప్పరు. మా టీచర్లు సిలబస్, ఆన్‌లైన్ ఎంట్రీలు, భోజనం లెక్కల మధ్య ఒక్క పిల్ల వెనక ఎంత తిరగగలరు చెప్పండి? శాంతా సిన్హా గారి ఎం.వి. ఫౌండేషన్ 1991 నుంచి రంగారెడ్డి జిల్లా ఊళ్లలో చేసిందీ ఇదే, ఇల్లిల్లూ తిరగడం, పనిలో ఉన్న పిల్లల్ని క్యాంపులో చదివించి బడిలో చేర్చడం. 2003లో ఆమెకు మెగసెసే అవార్డు ఊరికే రాలేదు. పిల్ల బడి మానేశాక వెతకడం కంటే మానబోతున్నప్పుడే పట్టుకోవడం తేలిక, అందుకే ఇలాంటి మనిషి ప్రతి హైస్కూల్లో ఒకరుండాలని ఏ మీటింగ్‌లో మైకు ఇచ్చినా చెబుతూనే ఉంటాను.

పెళ్లిళ్ల సీజన్‌లో రాత్రంతా కేటరింగ్ పనికి పోయి పొద్దున బెంచీ మీద నిద్రపోయే మన తొమ్మిదో తరగతి బాబు ఇప్పుడు ప్రార్థనలో పేపర్ చదువుతున్నాడు. మొన్న 'రాష్ట్రపతి' దగ్గర ఆగాడు, షకు టవత్తు, రవత్తు రెండూ వేలితో చూసుకుని ఒక్కసారిగా చదివేశాడు, వెనక లైను పిల్లలు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఎనిమిదిలో ఇద్దరు ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్షకు తయారవుతున్నారు, వస్తే ఇంటర్ అయ్యేదాకా ఏడాదికి 12 వేలు. ఆదాయ సర్టిఫికెట్ కోసం మీసేవ చుట్టూ తిరిగింది కూడా మేడమే.

మీరంటే గౌరవంతోనే అడుగుతున్నాను. రాత్రి పన్నెండింటి దాకా పిల్లాడి చేతిలో ఫోన్ ఉంటే మొదటి పీరియడ్‌లో లెక్కలు ఎలా ఎక్కుతాయి? చంటిదాన్ని చూసుకోవాలంటే ప్రతిసారీ ఆడపిల్లే ఎందుకు ఆగాలి, అన్న ఉన్నాడు కదా? ఇక బండి సంగతి. మైనర్ నడిపి దొరికితే 25 వేల జరిమానా, మూడేళ్ల దాకా జైలు పెద్దవాళ్లకే. పాలప్యాకెట్ తెమ్మని తాళం చేతిలో పెట్టే నాన్నలు ఒకసారి ఆలోచించండి.

దసరా సెలవుల తేదీలు గ్రూపులో పెడతాం, మార్కుల కార్డులు సంతకం పెట్టి పంపండి, ఆధార్‌లో పేరు తప్పులుంటే ఈ నెలలోనే సరిచేయించండి.

పిల్లల్ని ఎవరైనా పనిలో పెట్టినా, చిన్నతనంలో పెళ్లి మాట వచ్చినా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయొచ్చు. మీ ఇంటి కష్టమేదైనా ఉంటే మేడమ్‌తో చెప్పండి, నాతో చెప్పండి, జ్వరమని మాత్రం చెప్పకండి. శనివారం పదింటికి మీటింగ్ ఉంది, అమ్మలతో పాటు నాన్నలు కూడా రావాలి. వచ్చేటప్పుడు మీ ఫోన్ నంబరు కాగితం మీద రాసి తీసుకురండి, రీచార్జ్ చేసి ఉన్న నంబరు, మేం చేస్తే ఎత్తే నంబరు.

మీ హెచ్‌ఎం