మన 5,000 దేనికి పెడదాం?

అక్కలూ, వదినలూ, ఆదివారం సాయంత్రం అంగన్‌వాడీలో మన మహిళా ఆరోగ్య సమితి మీటింగ్, తప్పకుండా రండి. జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ కింద సమితికి ఏడాదికి వచ్చేది 5,000 రూపాయలే, కానీ బస్తీ ఆరోగ్యం కోసం అందులో దేనికెంత పెట్టాలో తేల్చుకోవాల్సింది మనమే. నన్నడిగితే మూలమీది కుళాయితోనే మొదలుపెట్టాలి. పైపు జాయింటు మురిక్కాలవలో మునిగి ఉంది, బిందె పట్టగానే నీళ్ల మీద నల్లటి నలకలు తేలుతున్నాయి, మొన్న మా చిన్నోడికి మూడు రోజులు విరేచనాలు. పోయినేడు సగం డబ్బు బ్యానర్లకే పోయింది, ఆ బాధ నాకింకా ఉంది. ప్లంబర్‌తో రేటు రాయించుకొస్తాను. వేరే ఆలోచన ఉంటే ఇక్కడే వాయిస్ పెట్టండి. ఆశా అక్క తీర్మానాల పుస్తకం తెస్తుంది, సంతకాలు అక్కడే.