వార్షిక నివేదిక: సాలీళ్ళ డబ్బాల్లో తేమపై ఈ ఏడాది జరిగిన కృషి

గౌరవ సభ్యులకు నమస్కారం.

అమెరికాలోని వేర్వేరు రాష్ట్రాల్లో ఉంటూ టరాంటులాలనే పెద్ద బొచ్చు సాలీళ్ళను పెంచుకుంటున్న తెలుగువారం ఏర్పరచుకున్న ఈ చిన్న సంఘం, ఈ ఏడాది సమావేశాల్లో ఎక్కువ భాగాన్ని డబ్బాలోని తేమ గురించిన చర్చకే కేటాయించింది. సభ్యులు అడిగే ప్రశ్నల్లో అధికం దాని చుట్టూనే తిరగడం ఇందుకు ఒక కారణం కాగా, సంఘం ఇంతకాలం ఇస్తూ వచ్చిన సలహాలోనే పొరపాటు ఉందని కార్యవర్గం గ్రహించడం అంతకన్నా పెద్ద కారణం.

కొత్త సభ్యులకు ఇచ్చే సూచనల పత్రంలో ప్రతి జాతి పేరుకు ఎదురుగా ఇంత శాతం తేమ ఉండాలని ఒక అంకె ఉండేది. ఆ అంకెను నిలబెట్టాలని పలువురు పొద్దునా సాయంత్రం నీళ్ళు చిలకరించారు, కొందరు గాలి రంధ్రాలకు టేపు కూడా అతికించారు. చిలకరించిన నీరు కొద్ది గంటల్లోనే ఆవిరైపోయి అంకె మళ్ళీ పడిపోతుంది; ఈలోగా గాలి ఆడని డబ్బాలో తినగా మిగిలిన చిమ్మెట ముక్కల మీద బూజు పడుతుంది. టేపు అతికించినవారిలో ఈ నివేదిక రాస్తున్న కార్యదర్శి కూడా ఉన్నాడు. ఒక సాలీడును పోగొట్టుకున్న తరువాతే ఆ టేపు పీకేశాడు.

ఆ అంకెను చూపే హైగ్రోమీటర్ల సంగతి కూడా ఈ ఏడాది తేలిపోయింది. సీసా మూతలో మామూలు ఉప్పు వేసి, ముద్దగా తడిసేటన్ని నీటి చుక్కలు కలిపి, హైగ్రోమీటరుతో పాటు గాలి చొరని సంచిలో ఒక రాత్రంతా ఉంచితే, పరికరం సరైనదైన పక్షంలో 75 శాతం చూపాలి. సమావేశానికి తెచ్చిన ముల్లు తిరిగే రకాల్లో ఏ రెండూ ఒకే అంకె చూపలేదు. సరైన పరికరమే ఉన్నా అది చెప్పేది డబ్బా పైభాగపు గాలి గురించి మాత్రమే గాని, సాలీడు రోజంతా కూర్చునే బొరియ లోపలి గాలి గురించి కాదు.

అందువల్ల సవరించిన పత్రం గాలిని వదిలి మట్టిని పట్టుకుంది. నేల జాతులకు కొబ్బరి పొట్టు, మట్టి కలిపి లోతుగా పరచి, నీటిని పైన చల్లకుండా ఒక మూలగా అడుగుకు చేరేలా పోస్తే, కింది పొర తడిగా, పైపొర పొడిగా ఉంటుంది. తనకు కావలసిన తేమ ఉన్న చోటును సాలీడే వెతుక్కుంటుంది. గుప్పెడు మట్టిని గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రాలడం చాలు, ధార కారితే ఎక్కువైనట్టు. డబ్బా పక్కల రంధ్రాలు ఎదురెదురుగా ఉండి గాలి అటూ ఇటూ ఆడాలి. నీటి గిన్నె ఏ జాతికైనా తప్పనిసరి. అందులో స్పాంజి పెట్టే పాత అలవాటును మాత్రం మానుకోవాలని మనవి, అది కుళ్ళు పట్టడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

దక్షిణ అమెరికా వానకారడవులకు చెందిన గోలియత్ టరాంటులాకు అడుగు పొర ఎప్పుడూ చెమ్మగా ఉండవలసిందే. మెక్సికన్ రెడ్‌నీ, చిలీ రోజ్ వంటివాటికి పొడి నేల, నిండు గిన్నె సరిపోతాయి; తడి మట్టిలో ఉంచిన చిలీ రోజ్ కాళ్ళు నేలకు ఆననివ్వక గోడ పట్టుకుని వేలాడుతుంటే అది మనకు చేస్తున్న ఫిర్యాదుగానే భావించాలి. వేలిగోరంత పిల్లల విషయం వేరు. వాటి ఒంటి పైపొర పలుచన కనుక త్వరగా ఎండిపోతాయి, పెద్దయ్యాక పొడి నేలను ఇష్టపడే జాతుల పిల్లలకు సైతం కొంత చెమ్మ ఉంచాలి.

మనవారిలో ఎక్కువమంది మక్కువతో పెంచుతున్న గుత్తి నీలి సాలీడు (గూటీ సఫైర్) గురించి విడిగా చెప్పాలి. గుత్తిలోని రైల్వే కలప డిపోలో దొరికినదాని ఆధారంగా 1899లో బ్రిటిష్ జంతుశాస్త్రవేత్త పోకాక్ దీన్ని కొత్త జాతిగా వర్ణించగా, 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్ళీ కనిపించింది. పేరులోని ఊరు గుత్తి అయినా దాని ఇల్లు ఆ ఆకురాల్చే అడవి చెట్ల తొర్రల్లోనే. అక్కడి వేసవి ఎలాంటిదో మనలో చాలామందికి ఎవరూ చెప్పనక్కరలేదు. అయినా ఉష్ణమండలపు సాలీడనే మాట పట్టుకుని దాన్ని నిత్యం తడిలో నానబెట్టినవారున్నారు. నిలువు డబ్బాలో బెరడు ముక్క, అడుగున కొద్దిపాటి చెమ్మ, ధారాళంగా గాలి దానికి చాలు. అది తీవ్రంగా అంతరించే ప్రమాదంలో ఉన్న జాతి, 2019 నుంచి, అరుదైన జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైట్స్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది. కాబట్టి డబ్బాల్లో పుట్టి పెరిగినవాటిని తప్ప అడవి నుంచి పట్టినవాటిని కొనరాదన్న తీర్మానాన్ని ఈ ఏడాది మళ్ళీ ఆమోదించాం.

చలికాలంలో హీటర్ల వల్ల ఇళ్ళలో గాలి ఎండిపోయినప్పుడు వచ్చిన ఫోన్లలో రెండు రకాలున్నాయి. సాలీడు వెల్లకిలా పడుకుంటే కుబుసం విడుస్తున్నదని అర్థం, దానిపై నీళ్ళు చల్లకుండా వదిలేయాలి. పొట్ట ముడతలు పడి కాళ్ళు లోపలికి ముడుచుకుంటే మాత్రం దాహమే కావచ్చు, ఎందుకంటే సాలీడు కాళ్ళు చాపేది ఒంటిలోని ద్రవపు ఒత్తిడితోనే. అప్పుడు దాని నోరు నీటి అంచుకు తగిలేలా గిన్నె పక్కకు చేర్చాలి.

పాత సూచనల పత్రాలను సభ్యులు చించివేయగలరు. కొత్త పత్రం ముద్రణ ఖర్చు మినహా ఈ అంశంపై సంఘం నిధి నుంచి వేరే వ్యయం జరగలేదు. వచ్చే సమావేశానికి ఇంకా పరీక్షించని హైగ్రోమీటర్లను వెంట తెచ్చుకోగలరు, ఉప్పు సంఘమే సమకూరుస్తుంది.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి