మీ ఇండెక్సర్ మా ఫైళ్ళని పట్టుకుని వదలడం లేదు

సపోర్ట్ టీమ్ వారికి,

నమస్కారం. మా ఆఫీసులో అన్ని సిస్టమ్స్‌లోనూ మీ సెర్చ్ సాఫ్ట్‌వేరే ఉంది, లైసెన్సులు డబ్బు కట్టి తీసుకున్నవే, ఆ సిస్టమ్స్ చూసుకునేది నేను. మీ ఇండెక్సర్, అంటే సెర్చ్ కోసం ఫైళ్ళన్నీ ముందే చదివి ఇండెక్స్ (మాటల పట్టిక) కట్టిపెట్టే సర్వీస్, మా ఫైళ్ళని లాక్ చేస్తున్న సమస్య మీద టికెట్ పెట్టిన ప్రతిసారీ "సర్వీస్ రీస్టార్ట్ చేయండి, లాక్ ఫైల్ డిలీట్ చేసి ఇండెక్స్ మళ్ళీ కట్టుకోండి" అనే ఒకటే జవాబు అతికించి టికెట్ మూసేస్తున్నారు. అందుకే ఈసారి నేను చూసిందంతా విడమరిచి రాస్తున్నాను. దయచేసి దీన్ని డెవలపర్ల దాకా పంపండి.

జరుగుతున్నది ఇదీ. మా వాళ్ళు ఒక పెద్ద రిపోర్టుని పీడీఎఫ్‌గా సేవ్ చేస్తారు, అందులో ఏదో తప్పు కనిపిస్తుంది, దిద్ది మళ్ళీ అదే పేరుతో సేవ్ కొడితే ఫైల్ వేరే ప్రోగ్రామ్ వాడుతోంది, రాయడం కుదరదు అని వస్తుంది. ఆ ఫైల్‌ని ఇంకెవరూ తెరవలేదు. పాపం వాళ్ళు పేరు చివర 'కొత్తది', 'ఫైనల్', 'ఫైనల్ 2' అని తగిలించి సేవ్ చేసుకుంటున్నారు, తర్వాత ఎవరో పాతదే మెయిల్‌లో పంపేస్తున్నారు, ఆ టెన్షనంతా చివరికి నా మీదికి వస్తోంది.

ముందు యాంటీవైరస్ పనేమోనని అనుమానించి చూశాను. నడుస్తున్న ప్రోగ్రాములని (ప్రాసెస్‌లని) చూపించే ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ అనే టూల్‌లో కంట్రోల్ ఎఫ్ నొక్కి ఫైల్ పేరు ఇస్తే దాన్ని పట్టుకున్న ప్రాసెస్ ఏదో చెప్పేస్తుంది. వచ్చింది ఒకటే పేరు, మీ ఇండెక్సర్ సర్వీస్. అక్కడితో ఆగకుండా, ఏ ప్రోగ్రామ్ ఏ ఫైల్‌ని ఎలా తెరుస్తోందో వరుసగా రాసిపెట్టే ప్రాసెస్ మానిటర్ కూడా నడిపాను. ఫైల్ సేవ్ అవగానే మీ ఇండెక్సర్ దాన్ని తెరుస్తోంది, ఆ వరుస మీద డబుల్ క్లిక్ చేసి చూస్తే షేర్ మోడ్ (తను ఫైల్ తెరిచి ఉండగా మిగతావాళ్ళకి ఇచ్చే అనుమతి) దగ్గర 'రీడ్' ఒక్కటే ఉంది. రైట్ లేదు, డిలీట్ లేదు. ఆ తర్వాత మా ప్రోగ్రామ్ అదే ఫైల్‌ని రాయడానికి తెరవబోతే షేరింగ్ వయొలేషన్, అంటే విండోస్ ఎర్రర్ 32. మీరు చదువుతున్నంతసేపూ ఇంకెవరూ ఆ ఫైల్‌లో రాయకూడదు, చెరపకూడదు, పేరు మార్చకూడదు అని మీ కోడే విండోస్‌కి చెబుతోందన్నమాట. ఫైల్ మాది, అందులో ఉన్న పని మాది, మీది పక్క నుంచి చదువుకుని పోవాల్సిన ప్రోగ్రామ్.

ఇందులోనే ఇంకా ఘోరమైనది ఉంది. మామూలు ఫైల్ అయితే చదవడం పూర్తయ్యాక వదిలేస్తోంది, కానీ పాస్‌వర్డ్ పెట్టిన పీడీఎఫ్ దొరికితే దాన్ని చదవలేక లాగ్‌లో ఎర్రర్ రాసి తర్వాతి ఫైల్‌కి వెళ్ళిపోతోంది, తెరిచిన హ్యాండిల్ (ఫైల్ మీద దానికున్న పట్టు) మాత్రం మూయడం లేదు. సర్వీస్ ఆపేదాకా ఆ ఫైల్ అలాగే ఇరుక్కుని ఉంటుంది. మీ దగ్గర ఒక కొత్త ఫోల్డర్‌లో పాస్‌వర్డ్ ఉన్న పీడీఎఫ్ ఒకటి పడేసి, ఇండెక్స్ అవనిచ్చి, దాన్ని డిలీట్ చేయబోండి, మీకే తెలుస్తుంది. ఆ ఫోల్డర్ పేరు మార్చడం కూడా కుదరదు, ఎందుకంటే లోపల ఒక్క ఫైల్ తెరిచి ఉన్నా పై ఫోల్డర్ పేరుని విండోస్ మార్చనివ్వదు.

దీనికి దారి లేక కాదు. తెరిచేటప్పుడు రీడ్, రైట్, డిలీట్ మూడు షేర్ ఫ్లాగులూ ఇవ్వడం మొదటి పని. దానితోపాటు విండోస్‌లో ఫిల్టర్ ఆప్‌లాక్ అనేది ఒకటుంది, మీలాంటి ప్రోగ్రాముల కోసమే పెట్టింది: వేరేవాళ్ళకి ఆ ఫైల్ కావాల్సి వచ్చినప్పుడు విండోస్ ముందు మీకు కబురు పంపుతుంది, మీరు మూసేసి పక్కకి తప్పుకునేదాకా వాళ్ళని కాస్త ఆపుతుంది, వాళ్ళకి ఎర్రర్ రాదు. సగంలో ఆగిన ఫైల్‌ని తర్వాత తీరిగ్గా చదువుకోవచ్చు, సెర్చ్‌లో ఒక ఫైల్ కాస్త ఆలస్యంగా కనిపిస్తే ఎవరికీ నష్టం లేదు.

ఇక మీరు ప్రతిసారీ డిలీట్ చేయమనే ఆ లాక్ ఫైల్ సంగతి, అంటే ఇండెక్స్‌లో ఒకేసారి ఇద్దరు రాయకుండా అడ్డుగా ఉండే ఫైల్. ఇండెక్స్ ఫోల్డర్‌లో 'రైట్ డాట్ లాక్', పక్కనే 'సెగ్మెంట్స్' ఫైళ్ళు చూస్తే అడుగున ఉన్నది లూసీన్ అనే సెర్చ్ లైబ్రరీ అని తెలిసిపోతోంది. లూసీన్‌లో సింపుల్ లాక్ పద్ధతి వాడితే ప్రోగ్రామ్ క్రాష్ అయినప్పుడు లాక్ ఫైల్ మిగిలిపోతుంది, దాన్ని చేత్తో తీసేయాలి, నిజమే. కానీ ఏ ప్రోగ్రామూ ఇండెక్స్‌లో రాయడం లేదని ఖాయం చేసుకున్నాకే తీయాలి, లేకపోతే ఇండెక్స్ పాడవుతుందని ఆ డాక్యుమెంటేషన్‌లోనే ఉంది. మీ జవాబులో ఆ ముక్క ఎక్కడా లేదు! నేటివ్ లాక్ పద్ధతి అయితే అసలు లాక్ ఆపరేటింగ్ సిస్టమ్ దగ్గర ఉంటుంది, ప్రాసెస్ చనిపోగానే అదే వదులుతుంది, ఫైల్ ఫోల్డర్‌లో మిగిలినా ఫర్వాలేదు, డిలీట్ చేయాల్సిన పనే లేదు. మీరు ఏది వాడుతున్నారో అడిగితే ఇంతవరకూ జవాబు లేదు. మీ మాట విని డిలీట్ చేసిన ఒక సిస్టమ్‌లో పాత సర్వీస్ ప్రాసెస్ వెనకాల ఇంకా నడుస్తూనే ఉంది, ఇండెక్స్ కాస్తా పాడై మొత్తం మొదటి నుంచి కట్టాల్సి వచ్చింది, అన్నాళ్ళూ అక్కడ సెర్చ్ లేదు.

నాకు కావాల్సినవి ఇవి. చదవలేని ఫైల్ హ్యాండిల్ మూయని బగ్‌ని బగ్‌గా ఒప్పుకుని నంబర్ ఇవ్వండి, షేర్ ఫ్లాగులు ఏ వెర్షన్‌లో సరిచేస్తారో రాతపూర్వకంగా చెప్పండి, లాక్ పద్ధతి ఏదో చెప్పండి, ఆ రెడీమేడ్ జవాబుని ఇప్పుడే మార్చండి, ఎందుకంటే దాన్ని నమ్మి ఇంకొకరు కూడా ఇండెక్స్ పోగొట్టుకుంటారు. ప్రాసెస్ మానిటర్ లాగ్, మీ సర్వీస్ లాగ్ రెండూ జత చేస్తున్నాను.

ప్రస్తుతానికి పీడీఎఫ్‌లు ఉండే షేర్డ్ ఫోల్డర్లన్నిటినీ ఇండెక్సింగ్‌లోంచి తీసేశాను. మా వాళ్ళు వెతికేది ఎక్కువగా వాటిలోనే. రెన్యువల్ గడువు దగ్గరికొచ్చింది, పైన అడిగిన వాటికి డెవలప్‌మెంట్ టీమ్ నుంచి జవాబు వచ్చేదాకా ఆ బిల్లు పాస్ చేయమని నేను మా అకౌంట్స్ వాళ్ళకి చెప్పను.

ఇట్లు,
మీ కస్టమర్, సిస్టమ్ అడ్మిన్