రెండు పుస్తకాలూ చదివి చూడటానికి మీ దగ్గర తెలుగు వచ్చిన మనిషి లేరా?

గౌరవనీయులైన మేనేజింగ్ డైరెక్టర్ గారికి,
ప్రతి: ఫిర్యాదుల అధికారి గారికి

విషయం: నా కథల సంపుటిని వేరొకరు తమ పేరుతో మీ యాప్‌లో అమ్ముకోవడం, ఫిర్యాదు చేసిన నా ఖాతానే మీరు నిలిపివేయడం గురించి.

అయ్యా,

పుస్తకం దొంగతనం జరిగిందని చెప్పడానికి రాస్తున్న ఉత్తరం కాదిది. ఆ సంగతి మీకు ఇదివరకే చాలాసార్లు చెప్పాను. సొంత డబ్బుతో తెలుగు పుస్తకం వేసుకునేవాళ్లకు పైరసీ కొత్తేమీ కాదు. అచ్చయిన ప్రతులు ఇంకా ఇంట్లోనే ఉండగా వాటి పీడీఎఫ్ టెలిగ్రామ్ గుంపుల్లో తిరుగుతూ ఉంటుంది. పంచినవాళ్లు సాహిత్యసేవ చేశామనే అనుకుంటారు. దొంగలకు ఎలాగో అలవాటు పడ్డాం. ఇంట్లో దొంగ పడ్డాడని మొత్తుకుంటున్న మనిషినే బయటికి నెట్టి, దొంగను లోపల కూర్చోబెట్టి తలుపేసుకున్న మీ తీరుకు మాత్రం నేను అలవాటు పడలేను.

నా సంపుటి 2019లో వచ్చింది. అందులోని కథలన్నీ అంతకుముందే పత్రికల్లో అచ్చయ్యాయి. ఏ కథ ఏ సంచికలో వచ్చిందో పుస్తకం చివర ఉంది. ప్రచురణకర్తను కూడా నేనే. ఐదు వందల ప్రతులు వేయించాను. 2021లో అదే పుస్తకాన్ని మీ యాప్‌లో ఈ-బుక్‌గా పెట్టాను. కిందటి ఏడాది ఎవరో అవే కథలను వేరే శీర్షికతో, వేరే రచయిత పేరుతో మీ యాప్‌లోనే పెట్టారు. మీ ఆడియో విభాగం ఆ నకలు పుస్తకాన్నే యంత్రం గొంతుతో చదివించి అమ్మకానికి కూడా పెట్టింది.

ఈ విషయం నాకు ఒక పాఠకుడి ద్వారా తెలిసింది. గుంటూరు నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు ఫోన్ చేశారు. నా కథలంటే అభిమానం ఉన్న మనిషి. చాలాసేపు కుశలప్రశ్నలు వేసి, చివరికి ఇబ్బందిపడుతూనే, "ఏమీ అనుకోవద్దమ్మా, ఈ కథలు మీరు రాసినవేనా?" అని అడిగారు. మీ లెక్కల్లో నష్టమంటే పోయిన రాయల్టీ కావచ్చు. నా లెక్కలో నష్టం ఆ ప్రశ్న. అది ఆయనతో ఆగలేదు. సాహితీ మిత్రుల వాట్సాప్ గుంపుల్లో నా పేరు పక్కన 'గ్రంథచౌర్యం' అనే మాట కనిపించింది. నా కొత్త కథ తీసుకున్న ఒక మాసపత్రిక, ఈ వివాదం తేలేవరకూ ఆగుదామని మర్యాదగా రాసింది.

నిజానికి ఇందులో తేలవలసింది ఏమీ లేదు. మొదటి కథలో కుర్రవాడి పేరు రాము. దొంగ కంప్యూటర్‌లో ఒక్క దెబ్బతో పుస్తకమంతటా 'రాము' అని ఉన్నచోటల్లా 'వంశీ' అని మార్చేశాడు. దాంతో మూడో కథలోని రాములవారి గుడి 'వంశీలవారి గుడి' అయింది. మరో కథలో లెక్కలు చెప్పే శ్రీరాములు మాస్టారు 'శ్రీవంశీలు మాస్టారు' అయ్యారు. తెలుగు కూడబలుక్కుని చదివే చిన్నపిల్లవాడికి ఆ పేజీ చూపించినా ఏది అసలో ఏది నకలో చెప్పేస్తాడు. అంకితం పేజీలో మా అమ్మ పేరు ఒక్కటి తీసేసి 'నా తల్లికి' అని పెట్టుకున్నాడు. ఆమె బీడీలు చుడుతూ నాకు కథలు చెప్పిందని నేను రాసుకున్న వాక్యాలు మాత్రం అక్షరం మార్చకుండా ఉంచాడు. మీరు ఆ పేజీకి కూడా డబ్బు తీసుకుంటున్నారు.

ఇక మీ దగ్గర నాకు జరిగిన మర్యాద చెబుతాను. పూర్తిగా చదవండి, ఎందుకంటే మీ సంస్థలో ఇంతవరకూ ఎవరూ నా మాట పూర్తిగా వినలేదు.

మొదట సహాయ పేజీలో ఫిర్యాదు పెట్టాను. "మీ అభిప్రాయం మాకెంతో విలువైనది" అని వెంటనే జవాబు వచ్చింది. నేను చెప్పింది అభిప్రాయం కాదు, దొంగతనం. తరువాత ఒక టికెట్ నంబరు ఇచ్చారు. ఆపైన ఉలుకూ పలుకూ లేదు. కొన్నాళ్లకు "మీ సమస్య పరిష్కారమైంది, మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?" అని సందేశం వచ్చింది. ఆశగా యాప్ తెరిచి చూశాను. నకలు పుస్తకం ఉన్నచోటే ఉంది. పైగా దాన్ని 'పాఠకులు మెచ్చినవి' అనే వరుసలోకి ఎక్కించారు.

కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాను. తెలుగు కోసం మూడు నొక్కమంటే మూడు నొక్కాను. అవతలి అబ్బాయి హిందీలో పలకరించాడు. నాకు వచ్చిన హిందీలోనే మొత్తం చెప్పుకొచ్చాను. అంతా విని, "మేడమ్, మీకు పుస్తకం డెలివరీ కాలేదా?" అన్నాడు. నేను పుస్తకం కొన్నదాన్ని కాదు, రాసినదాన్ని అన్నాను. రచయితలకు వేరే విభాగం ఉందని, కలుపుతానని చెప్పి పాట పెట్టాడు. పాట వినీ వినీ ఉండగా లైను తెగిపోయింది. మళ్లీ చేస్తే కొత్త గొంతు, మళ్లీ మొదటి నుంచి కథ. ముందు మాట్లాడినవాళ్లు ఏమి రాసుకున్నారని అడిగితే ఏ ఒక్కరి దగ్గరా ఒక్క ముక్క లేదు.

ఎట్టకేలకు రచయితల విభాగంలో ఒకామె దొరికింది. కాపీరైట్ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ పంపమంది. లేదన్నాను. "అయితే మీరే రాశారని రుజువేమిటి?" అంది. మన దేశంలో కాపీరైట్‌కు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచన పూర్తయితే చాలు, హక్కు రచయితదే. రిజిస్ట్రేషన్ కోర్టులో ఒక ప్రాథమిక సాక్ష్యంగా పనికొస్తుంది, అంతే. ఇదంతా ఓపికగా చెబితే, "మా పాలసీ అది మేడమ్" అంది. మరి ఆ రెండో మనిషి పుస్తకం పెట్టినప్పుడు సర్టిఫికెట్ అడిగారా అన్నాను. ఆ వివరం తన పరిధిలో లేదట. దొంగను ఒక్క కాగితమూ అడగని పాలసీ, సొంతదారును మాత్రం కాగితాల కోసం తిప్పుతుందా?

అయినా పంపాను. పత్రికల కత్తిరింపులు, ప్రెస్ బిల్లు, ఎర్ర సిరాతో దిద్దిన ప్రూఫులు, రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ ఐఎస్‌బీఎన్ అనే పుస్తక గుర్తింపు సంఖ్య ఇస్తూ రాసిన లేఖ, 1954 నాటి చట్టం ప్రకారం కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి నేను పంపిన ప్రతి తాలూకు రసీదు. ఫైళ్లు మరీ పెద్దవిగా ఉన్నాయని వెనక్కి కొట్టారు. చిన్నవి చేసి పంపాను. ఈసారి, పత్రాలు ఇంగ్లీషులో లేవు, రెండు పుస్తకాల్లోని సంబంధిత పేజీలకు అనువాదం జతచేయమన్నారు. ఒక తెలుగు కథ ఇంకో తెలుగు కథకు నకలో కాదో తేల్చడానికి రెండింటినీ నేను ఇంగ్లీషులో రాసివ్వాలా? తెలుగు పుస్తకాల మీద కమిషన్ తీసుకోవడానికి మీకు భాష అడ్డు రాలేదు. తెలుగు రచయితకు న్యాయం చేయవలసి వచ్చేసరికి అడ్డు వచ్చింది.

తరువాత మాట్లాడిన పెద్దమనిషి ఒక సలహా ఇచ్చారు. "మీరూ ఆయనా మాట్లాడుకుని సర్దుబాటు చేసుకోండి" అని. సరే, ఆయన వివరాలు ఇవ్వండి అన్నాను. గోప్యత నిబంధనల వల్ల ఇవ్వలేమన్నారు. ఇక మాట్లాడుకోవడం ఎలా? ఆ పుస్తకం కింద కామెంట్ పెట్టమన్నారు. పెట్టాను. ఇవి నా కథలు, ఫలానా పత్రికలో ఫలానా సంవత్సరం వచ్చాయి అని రెండే వాక్యాలు. మరునాటికి ఆ కామెంట్ తీసేశారు. 'ఇతర రచయితలను కించపరిచే విధంగా ఉంది' అని కారణం చూపారు. నా కథలు దొంగిలించిన మనిషి గౌరవానికి భంగం కలుగుతుందని మీరు నా నోరు మూయించారు.

అప్పటికీ మీ మీద ఆశ వదులుకోలేదు. ఆ తరువాత చేసినదాన్ని మాత్రం క్షమించలేను. మీ కంప్యూటర్ రెండు పుస్తకాల్లోనూ ఒకే పాఠం ఉందని కనిపెట్టింది. నేను అంతకాలం చెబుతున్నది అదే. అయితే మీరు తీసేసింది నా పుస్తకాన్ని. 'నకలు కంటెంట్' అని ముద్ర వేసి, నా ఖాతా నిలిపివేసి, రావలసిన రాయల్టీ ఆపేశారు. నా పుస్తకం మీ యాప్‌లోకి వచ్చింది 2021లో. అతనిది కిందటి ఏడాది. ఏది ముందో ఏది వెనకో తెలియడానికి భాష కూడా అక్కరలేదు, తేదీలు చూస్తే చాలు. ఆ రెండు తేదీలూ మీ దగ్గరే ఉన్నాయి. అప్పీలు చేస్తే, 'క్షుణ్ణంగా పరిశీలించాం, ఇదే తుది నిర్ణయం' అని కింద పేరు కూడా లేని మెయిల్ పంపారు. పరిశీలించినది ఎవరు? ఆ మనిషి పేరేమిటి? వంశీలవారి గుడి చూశారా?

ఇది నా ఒక్కదాని బాధ అనుకోకండి. 2023 ఆగస్టులో జేన్ ఫ్రీడ్‌మన్ అనే అమెరికన్ రచయిత్రి పేరు మీద ఆమె రాయని పుస్తకాలు అమెజాన్‌లో అమ్మకానికి వచ్చాయి. ఆమె ఫిర్యాదు చేస్తే మీ పేరు మీద ట్రేడ్‌మార్క్ ఉందా అని అడిగారు. ఆమె ఆ సంగతి బహిరంగంగా రాసి, నలుగురి నోళ్లలో నానిన తరువాత గానీ ఆ పుస్తకాలు తొలగలేదు. మరుసటి నెలలో ఆ సంస్థ నిబంధనలు మార్చింది. కృత్రిమ మేధతో తయారైన పుస్తకమైతే ఆ సంగతి తమకు తెలపాలంది. స్వయంగా ప్రచురించుకునేవాళ్లు రోజుకు మూడు కొత్త పుస్తకాలకు మించి పెట్టకూడదంది. మీ దగ్గర అలాంటి హద్దు ఏదైనా ఉందా? నా కథలు ఎత్తుకున్న ఖాతాలో ఒక్క నెలలో చేరిన పుస్తకాల వరుస చూడండి. అన్ని పుస్తకాలు నెలలో ఏ మనిషీ రాయలేడు. అందులో ఇంకా ఎంతమంది రచయితల కష్టం ఉందో.

చట్టం మీకు తెలియదని అనుకోను. కాపీరైట్ నియమాలు 2013లో 75వ నియమం ఉంది. దాని ప్రకారం రచయిత రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే 36 గంటల్లో ఆ నకలును అందుబాటులో లేకుండా చేయాలి. 21 రోజుల్లో కోర్టు ఉత్తర్వు తెచ్చుకునే బాధ్యత రచయితది. అలా తెస్తానని హామీపత్రం కూడా సంతకం చేసి మీకు పంపాను. కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం, హక్కులు అమ్ముకున్నా సరే, ఇది నా రచన అని చెప్పుకునే హక్కు రచయితకు ఉంటుంది. నేను హక్కులు అమ్ముకోను కూడా లేదు. మేం వేదిక మాత్రమే, మాకేం సంబంధం అంటారా? 2022లో ఒక అధ్యాపకురాలి పాఠాలను, పుస్తకాలను దొంగచాటుగా పంచిన చానెళ్ల నిర్వాహకుల వివరాలు ఇవ్వాలని ఢిల్లీ హైకోర్టు టెలిగ్రామ్‌ను ఆదేశించింది. గోప్యత అనే వాదన అక్కడ నిలబడలేదు. పైగా మీరు ఉత్త వేదిక కూడా కాదు. ఆ నకలు పుస్తకాన్ని ఆడియోగా తయారుచేసింది మీరే.

మీరు కొత్తగా వచ్చినప్పుడు తెలుగులో మిమ్మల్ని నమ్మినవాళ్లు కొద్దిమంది. అందులో నేనొకదాన్ని. హైదరాబాద్ పుస్తక ప్రదర్శనలో నా స్టాల్ ముందు ఆగిన ప్రతివాళ్లకూ మీ యాప్ గురించి చెప్పాను. ఫోన్‌లో చదవడం చేతకాదన్న పెద్దవాళ్ల ఫోన్లు తీసుకుని నేనే యాప్ దింపి ఇచ్చాను. నా రెండో పుస్తకం వెనక అట్ట మీద మీ యాప్ క్యూఆర్ కోడ్ నా ఖర్చుతో అచ్చు వేయించాను. ఇప్పుడు దాన్ని స్కాన్ చేస్తే 'నిబంధనల ఉల్లంఘన కారణంగా తొలగించబడింది' అని వస్తోంది. ఆ అట్టతో ఉన్న ప్రతులు కట్టలు కట్టలుగా ఇంట్లో ఉన్నాయి. నేను దొంగనని చెప్పే పుస్తకాన్ని నా చేతులతో నేనే పాఠకుడికి ఎలా ఇవ్వను?

నకలు పుస్తకం, దాని ఆడియో రెండూ వెంటనే తీసేయాలి. నా పుస్తకం, ఖాతా, ఆపిన రాయల్టీ తిరిగి రావాలి. ఆ నకలు మీద మీకూ అతనికీ వచ్చిన ప్రతి రూపాయికీ లెక్క చెప్పాలి. ఇవన్నీ ఎలాగూ చేయవలసినవే. అంతకన్నా ముందు, ఈ కథలు ఎవరివో మీ యాప్‌లో, ఆ పుస్తకం ఉన్నచోటే, కొన్న ప్రతి పాఠకుడికీ కనబడేలా తెలుగులో ప్రకటించాలి. ఆ గుంటూరు మాస్టారు చదువుకునేలా ఉండాలి.

ఈసారి కూడా టికెట్ నంబరుతో సరిపెడితే నేను ఊరుకోను. ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో చెప్పాలని 2021 ఐటీ నియమాల్లోనే ఉంది. మీ ఫిర్యాదుల అధికారి ఇంతవరకూ ఆ ఒక్క ముక్క కూడా రాయలేదు. మీలాంటి సంస్థల ఫిర్యాదుల అధికారుల మీద అప్పీళ్లు వినడానికి కేంద్ర ప్రభుత్వం 2023లో ఏర్పాటుచేసిన కమిటీకి ఈ కాగితాలన్నీ వెళతాయి. కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద పోలీసు ఫిర్యాదు సిద్ధంగా ఉంది. ఆ సెక్షన్‌లో మూడేళ్ల వరకు జైలు ఉందని మీ న్యాయవాదులు మీకు చెబుతారు. నాతోపాటు మీ యాప్‌లో పుస్తకాలు పెట్టిన మిత్రులతో మాట్లాడాను. వాళ్లలో కొందరికి ఇదే అనుభవం జరిగింది. డిసెంబరులో హైదరాబాద్ ప్రదర్శన మొదలయ్యేలోపు న్యాయం జరగకపోతే మేమంతా కలిసి మా పుస్తకాలు మీ దగ్గర నుంచి తీసేసుకుంటాం. ఎందుకు తీసేశామో ప్రతి స్టాల్ ముందు రెండు పుస్తకాల పేజీలూ పక్కపక్కన పెట్టి పాఠకులకు చూపిస్తాం.

దీనికి జవాబు రెండు పుస్తకాలూ చదివిన మనిషి నుంచి, పేరుతో, సంతకంతో, తెలుగులో రావాలి.

ఇట్లు,
రచయిత్రి, ప్రచురణకర్త
కరీంనగర్